విగ్గుకు నూనె పెట్టిన తల్లి

2024 ఎండాకాలం. మొయినాబాద్‌లో చేవెళ్ల రోడ్డు మీదున్న ఒక బ్యూటీ పార్లర్‌లో వెనక గది నాది. డిగ్రీ అయ్యాక విగ్గులు అమర్చే పని నేర్చుకున్నాను. అప్పటికి నా కూతురికి రెండేళ్లు. దాని తల దువ్వినప్పుడు దువ్వెనకు నాలుగు వెంట్రుకలు వచ్చినా నాకు గుండె దడ. రోజంతా చూసేది జుట్టు రాలిన తలలనే కదా.

షాబాద్ వైపు ఊరి నుంచి మరియమ్మ తన కూతురు సునీతను తీసుకొచ్చింది. ఆ అమ్మాయికి జుట్టు మచ్చలు మచ్చలుగా రాలిపోయింది. డాక్టరు అలోపీషియా అన్నారట. రెండేళ్లుగా తల మీది చున్నీ దించలేదు. ఇప్పుడు చందనవెల్లిలో ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది, సోమవారం చేరాలి.

“నడుం దాకా ఉన్నది చూపియ్యమ్మా,” అంది మరియమ్మ.

“రాత్రికి రాత్రి గంత పెరిగితే ఊరోళ్లు నూనె పేరడుగుతరే అమ్మా!” అంది సునీత.

భుజాల దాకా ఉండే నిజం వెంట్రుకల విగ్గు కుదిరింది. నుదుటి దగ్గర సన్నని వలలాంటి లేస్ బేస్ ఉంటుంది. దాని అడుగున టేప్ వేసి తలకు అతికిస్తాం. రాత్రి తీసి స్టాండుకు పెట్టాలి, కొసల నుంచి పైకి దువ్వాలి, టేపుకు జిడ్డు తగలకూడదు. అన్నీ సునీతకు చెప్పాను. మరియమ్మ అప్పుడు బయట ఆటో మాట్లాడుతోంది.

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ చర్చి నుంచి నేరుగా వచ్చారు. ప్రార్థనలో తల వంచగానే విగ్గు కనుబొమ్మల మీదికి జారిందట. పైన ముసుగు ఉండబట్టి ఎవరూ చూడలేదు.

“రేపు ఆడ ముసుగుండదక్కా. నేను పోను,” అంది సునీత. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

విగ్గు తీస్తే కొబ్బరినూనె వాసన. నా వేళ్లు మెరిశాయి.

“నేనే పెట్టిన బిడ్డా,” అంది మరియమ్మ. “చర్చికి పోతున్నది, ఎండినట్టున్నదని జర రాసిన. రెండేండ్లాయె, తల ముట్టనిస్తలేదు. జుట్టు కనవడంగనే చెయ్యాగలే.”

“అది నా జుట్టు కాదమ్మా!”

నాకు కోప్పడబుద్ధి కాలేదు. షాంపూతో రెండుసార్లు కడిగి, లేస్‌ను స్పిరిట్‌తో తుడిచి, స్టాండు మీద ఫ్యాను కింద పెట్టాను. అది ఆరేలోపు మరియమ్మతో చెప్పాను: “విగ్గుకు వద్దమ్మా. రాత్రి ఇది తీసినంక బిడ్డ తలకు పెట్టు. పొద్దుగాల తలస్నానం చేయించి, తడి లేకుండ తుడిచి, టేప్ నువ్వే అతికియ్యి.”

సునీత చున్నీ తీసి తల్లి ముందు తల వంచింది. మరియమ్మ రెండు చేతులతో ఆ తల నిమిరి, వేళ్లతో అదిమింది.

“గట్టిగ నొక్కకే అమ్మా.”

“ముందు నువ్వు కదలకుండ కూసో.”

సోమవారం నాకు కాలు నిలవలేదు. జిడ్డు పూర్తిగా పోయిందా? తల సరిగా తుడిచిందా? చెమటకు టేప్ ఊడితే? మా పాపకు అన్నం పెడుతూ ఫోనే చూస్తున్నాను. అది నోరు తెరిచి ముద్ద కోసం ఎదురుచూస్తోంది.

మధ్యాహ్నం సునీత మెసేజ్ వచ్చింది: “తల వంచి సంతకం పెట్టిన అక్కా. విగ్గు కదల్లే. మా అమ్మ ఇంకా గేటు కాడనే కూసున్నది. నువ్వన్నా ఫోన్ జేసి ఇంటికి పొమ్మను.”

ఇప్పుడు ఎవరు వచ్చినా కొలతల కంటే ముందు, ఇంట్లో మీ తల దువ్వేది ఎవరని అడుగుతాను. ఆ మనిషి వచ్చి పక్కన కూర్చున్నాకే విగ్గు పెట్టె తెరుస్తాను.