ముక్కులో వేసిన కొసరు పట్టీ

నేను లక్సెట్టిపేటలో ట్రాక్టర్ ట్రాలీలు చేస్తాను. ఇరవై ఏళ్లుగా అదే పని. రాయడం మాత్రం ఇదే మొదటిసారి. ఐదో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత చేతిలో పెన్ను కంటే సుద్దముక్కే ఎక్కువ ఉంది, ఇనుము మీద గీత గీయడానికి. ఎక్కడైనా తప్పు రాస్తే చదివేవాళ్లు సర్దుకోవాలి. జరిగింది జరిగినట్టు చెప్పాలని ఉంది, ఎందుకంటే ఇందులో నేను చేసిన తప్పు ఒకటి ఉంది.

మా దగ్గర ట్రాలీ పని అయిపోయాక, రైతు అడగకపోయినా, అడుగున ఒక ఇనుప పట్టీ ఎక్కువ వేస్తాం. దాన్ని కొసరు పట్టీ అంటాం. కూరగాయలు అమ్మే ఆమె చివర్లో నాలుగు మిరపకాయలు ఎక్కువ వేస్తుంది కదా, అట్లాంటిదే. రైతు కిందికి వంగి ఆ పట్టీని చూసుకుంటాడు. సుత్తితో ఒక దెబ్బ కొడతాడు. ఖంగుమంటే తీసుకుపోతాడు. జైనూర్ గుట్టల్లో పత్తి లోడుతో తిరిగే ట్రాలీ అయితే రెండు పట్టీలు. నేను చేసిన ట్రాలీ విరిగిందని ఇంతవరకు ఎవరూ వెనక్కి రాలేదు. ఇనుము ఎంత ఎక్కువ ఉంటే మనిషికి అంత మంచిదని నా నమ్మకం. ఆ నమ్మకంతోనే నా బిడ్డ కూర్చునే బండిని పాడు చేశాను.

మొన్నటి ఎండాకాలంలో ఒక ఇంజనీరు పిల్ల చుట్ట చుట్టిన పెద్ద కాగితం పట్టుకుని మా షాపుకు వచ్చింది. వాళ్ల బాపు బొగ్గుబాయిలో పని చేసి రిటైరైన మనిషి. మంచిర్యాల అవతల కాలనీలో ఉంటారు. ఆ పిల్ల బయటి రాష్ట్రంలో కార్ల కంపెనీలో పనిచేసి వచ్చి ఇప్పుడు కాలేజీలో పాఠాలు చెబుతోంది.

"కాకా, రేసు కారు చేయాలె. వెల్డింగ్ మీరు చేస్తరా?" అంది.

ఎవరిని అడుగుతోందో అని నేను వెనక్కి తిరిగి చూశాను.

"నేను ట్రాలీలు చేస్తా బిడ్డా. అవి ఉరుకయి."

"ఉరికిచ్చుడు నా పని. మంచిగ అతుకుడు మీ పని."

కూర్చుని వివరంగా చెప్పింది. రేసు బండ్లు మన పిల్లలు ఫోన్లలో చూడడమే తప్ప ముట్టుకున్నది లేదు. అవి కొనగలిగే వాళ్లు వేరే. పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలు నేర్చుకోవడానికి చిన్న బండి ఒకటి కావాలి. ఒకటే సీటు. పాత మోటార్ సైకిల్ ఇంజను. ఏ సామాను చెడిపోయినా ఆ సాయంత్రానికి మంచిర్యాల బజారులో దొరకాలి. పైప్ విరిగితే మా షాపులాంటి షాపులో అతకాలి. అన్నిటికంటే ముందు, బండి పోయి గోడకు గుద్దినా లోపల పిల్లకు ఏమీ కావద్దు.

ఇంజను ఎక్కడ పెట్టాలో ముందు చూస్తుందని అనుకున్నాను. మేము ట్రాలీ చేసేటప్పుడు ముందు లోడు లెక్క చూస్తాం. ఆ పిల్ల ఇంజను మాటే ఎత్తలేదు.

"ముందుగాల ఒక పిల్లనో పిలగాడో కావాలె కాకా. పదిహేనేండ్లు ఉండాలె," అంది.

అప్పుడే నా బిడ్డ సద్ది తెచ్చింది. పదో తరగతి పరీక్షలు రాసి ఇంటి దగ్గరే ఉంది. ఇంజనీరు పిల్ల దాన్ని నేల మీద కూర్చోబెట్టి, వీపు వెనక ఊక బస్తా పెట్టి, కాళ్లు చాపమంది. అదే తీరులో పక్కకు ఒరిగించి పడుకోబెట్టింది. నా సుద్దముక్క తీసుకుని దాని చుట్టూ గీయడం మొదలుపెట్టింది.

"ఏందక్కా, నేను సచ్చిపోతె పోలీసులు గీసినట్టు గీస్తున్నవ్," అంది నా బిడ్డ.

"సావకుంట ఉండెతందుకే గీస్తున్న. కదలకు."

తల చుట్టూ, భుజాల చుట్టూ, మోకాళ్ల చుట్టూ గీత వచ్చింది. ఆ గీతకు జానెడు దూరంలో ఇంకో గీత. అవే పైపులు అని చెప్పింది. నా బిడ్డ లేచి సద్దిగిన్నె తీసుకుని పోయాక కూడా ఆ గీత నేల మీద ఉండిపోయింది. నేను పక్కనే నిలబడి చాలాసేపు చూశాను. మనిషి చుట్టూ బండిని కట్టవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. ఊడ్వబోతే ఆ చోటు వదిలి ఊడ్చాను.

కొలత నా బిడ్డది కాబట్టి, పని నడిచేకొద్దీ మొదట నడిపేది కూడా అదే అని తేలిపోయింది. వాళ్ల మేనమామ పొలంలో ట్రాక్టర్ నడపడం దానికి అలవాటే. ఇంట్లో నా భార్య మాత్రం ఒప్పుకోలేదు.

"ట్రాక్టర్ మెల్లగ పోతది. గిది ఉరుకుతది. దానికేమన్న అయితె నువ్వు తెచ్చిస్తవా?" అంది.

మర్నాడు కూడా షాపుకు పోయి పైపులు కోశాను.

రెండు నెలల్లో బండి ఒక రూపానికి వచ్చింది. మనిషి చుట్టూ పైపుల గూడు. తల మీద విల్లులా వంచిన లావు పైపు. ఇంజను వెనక. అన్నిటికంటే ముందు, కాళ్లకు అవతల, ఒక డబ్బా. దాన్ని మేము ముక్కు అనేవాళ్లం. నాలుగు బోల్టులు విప్పితే ఊడి వచ్చేట్టు పెట్టించింది. కాగితంలో ఆ ముక్కుకు రాసిన రేకు చూసి నాకు మనసు ఒప్పలేదు. కూలర్ డబ్బాలకు వేసే పలుచటి రేకు అది. చేత్తో నొక్కితే సొట్ట పడుతుంది. ఆ రేకు వెనకే నా బిడ్డ పాదాలు ఉంటాయి.

ఇంజనీరు పిల్ల కాలేజీకి పోయిన ఒక మధ్యాహ్నం ముక్కు లోపల రెండు మందపు పట్టీలు అడ్డంగా అతికాను. పైన రేకు మూసి రంగు కొట్టాను. ఎవరికీ చెప్పలేదు. కొసరు పట్టీ చెప్పి వేసేది కాదు.

బండిని పరీక్షించే రోజు ఊరి బయట మూతపడిన రైసు మిల్లుకు పోయాం. అక్కడ ట్రాక్టర్లు ఎక్కే పొడుగాటి ర్యాంపు ఉంది. దాని కింది కొసకు ఎదురుగా రాతిగోడ. బండి పక్కకు పోకుండా రెండు వైపులా ఇనుప పట్టాలు పరిచాం. ఇంజను నడిపేది లేదు, పై నుంచి వదిలేయడమే. సీటులో నా బిడ్డ బరువుకు సరిపడా ఇసుక బస్తా పెట్టి బెల్టులు కట్టాం. బస్తా మీద తల ఉండాల్సిన చోట నీళ్లు నింపిన మట్టి కుండ పెట్టి, మూతికి బట్ట కట్టి, సీటుకు తాళ్లతో బిగించాం.

"గిది తల," అంది ఇంజనీరు పిల్ల. ఎవరూ నవ్వలేదు.

నా భార్య, బిడ్డ పక్కన నిలబడి ఉన్నారు. ఇంజనీరు పిల్ల వాళ్ల బాపు కూడా వచ్చాడు. బండిని పైకి లాగి తాడుతో కట్టి ఉంచాం. కొడవలితో తాడు నేనే కోశాను.

ఒకటే చప్పుడు. నేను దిగి ఉరికాను. ముక్కు మీద చిన్న సొట్ట తప్ప ఏమీ లేదు. నాకు ఛాతీ ఉబ్బింది. అలవాటు కొద్దీ సుత్తి తీసుకుని ఒక దెబ్బ కొట్టాను. ఖంగుమంది. నవ్వుతూ తల ఎత్తాను.

సీటులో నుంచి నీళ్లు కారుతున్నాయి. కుండ పెంకులు పెంకులై బస్తా మీద, కింద పాదాలు పెట్టే చోట పడి ఉంది. తాళ్లు మాత్రం కట్టినట్టే ఉన్నాయి. నా భార్య ఆ పెంకులను చూసింది. బిడ్డ చెయ్యి పట్టుకుని ఇంటి దారి పట్టింది.

ఇంజనీరు పిల్ల ముక్కు ముందు కూర్చుని వేళ్లతో తడిమింది.

"కాకా, గీ రేకు ఒంగాలె. ఎందుకు ఒంగలే?"

నేను చేతిలోని సుత్తి కింద పెట్టాను.

"లోపల ఏమన్న పెట్టినవా?"

"కొసరు పట్టీ," అన్నాను.

"ఎన్ని?"

"రెండు. నా బిడ్డ కూసుంటది కద."

కోప్పడుతుందని అనుకున్నాను. కోప్పడలేదు. నేల మీదే కూలబడి, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుంది.

"బండి ఉరికొచ్చి ఆగుతది కద. గా దెబ్బ ఎటో ఒక దిక్కు పోవాలె. ముక్కు ఒంగితె ముక్కు కాడనే ఐపోతది. ముక్కు ఒంగకుంటె ఎవలకు తాకుతది?" అంది.

నేను పెంకుల వైపు చూశాను.

అప్పటిదాకా ఊరుకున్న వాళ్ల బాపు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. బీడీ తీశాడు, వెలిగించలేదు.

"తమ్మి, నేను బాయిల కొత్తగ దిగినప్పుడు కప్పు కింద కట్టె గుంజలు నిలవెడ్తుంటిమి. మీద బరువు పడంగనే గుంజ కిర్రుమంటది. ఒంగుతది. పలుగుతది. గా సప్పుడు ఇని మేం బయటికి ఉరుకుతుంటిమి. తర్వాత ఇనుప గుంజలు వచ్చినయ్. గట్టియే, కాదన. గని అవి సప్పుడు జెయ్యయి. మా ముసలోళ్లు కట్టె గుంజ కిందనే కూసోని సద్ది తింటుండిరి."

"ఇనుముది కాదని కట్టెదా?" అన్నాను.

"కట్టె తను ఇరుగుకుంట మనకు జరంత టైమ్ ఇస్తది. నీ పట్టీ టైమ్ ఇయ్యలే."

ఆ మనిషి మామూలుగానే చెప్పాడు. ఇరవై ఏళ్లు నేను ఇనుమును ఒకటే అడిగాను, విరగకుండా ఉండమని. ఎప్పుడు, ఎక్కడ, ఎంత విరగాలో కూడా దానికి చెప్పవచ్చని ఎవరూ నాకు చెప్పలేదు.

షాపుకు వచ్చి గ్రైండర్‌తో ఆ రెండు పట్టీలు కోసి పారేశాను. కొత్త ముక్కు చేయడం మొదలుపెట్టాం. నేను చేసిన పనులన్నిటిలో అదే కష్టమైన పని. ఇంజనీరు పిల్ల పలుచటి రేకు మీద వరసగా గీతలు గీసి, ఆ గీతల మీద చిన్న చిన్న నొక్కులు పెట్టమంది. అక్కడ మడత పడాలట. నా చెయ్యి వినలేదు. అతికే చోట మందంగా అతికేది. ఆమె విప్పించేది.

"గింత గట్టిగ వద్దు కాకా."

"చెయ్యి ఆగుతలేదు బిడ్డా."

"గట్టిదనం అంత పిల్ల సుట్టు ఉండాలె. దాని ముందట మెత్తగుండాలె. గట్ల అనుకోని చెయ్యి."

గూడు దగ్గర పైపులు మళ్లీ ఒకటొకటి చూసుకున్నాను. అక్కడ ఒక్క అతుకు కూడా వదలలేదు. ముక్కు మూడు సార్లు పాడైంది. నాలుగోసారి కుదిరింది.

రెండో పరీక్షకు నా భార్య వస్తుందని నేను అనుకోలేదు. బిడ్డతో కలిసి వచ్చింది. చంకలో మా ఇంట్లో నీళ్లు తాగే కుండ ఉంది. నిండా నీళ్లు. బజారులో కొన్న కుండను పక్కకు జరిపి దీన్ని ఇంజనీరు పిల్ల చేతిలో పెట్టింది.

"గిది పెట్టున్రి. గిది పలిగితె పిల్ల ఎక్కది. మల్ల నన్ను అడగద్దు."

"సరే చిన్నమ్మా," అంది ఇంజనీరు పిల్ల. కుండను రెండు చేతులతో ఛాతీకి ఆనించి పట్టుకుంది.

నా బిడ్డ పై పెదవి కొరుక్కుంటూ ర్యాంపు కింద నిలబడింది. ఆ రెండు నెలలు అది ప్రతి రోజు షాపుకు వచ్చి ఆ సీటులో కూర్చుని పోయేది. దానికి ఆ బండి ఎంత కావాలో నాకు తెలుసు. కుండ పగలకూడదని నేను అనుకున్నది దాని కోరిక కోసమా, దాని ప్రాణం కోసమా, నాకే అర్థం కాలేదు.

తాడు కోశాను.

ఈసారి చప్పుడు వేరుగా వచ్చింది. ఖంగుమనలేదు. ఎవరో పెద్ద రేకు డబ్బాను నెమ్మదిగా చేతుల్లో నలిపినట్టు వచ్చింది. దుమ్ము దిగేదాకా నేను పైనే ఉన్నాను.

నేను దిగేసరికి అందరూ చుట్టూ నిలబడి ఉన్నారు. ముక్కు లేదు. మూరెడు పొడుగున్న ముక్కు జానెడు అయింది. చీర కుచ్చిళ్ల లాగా ఒకదాని వెనక ఒకటి మడతలు. మేము నొక్కులు పెట్టిన చోటనే ప్రతి మడత. ముక్కు వెనక, పాదాలు ఉండే చోట, రంగు కూడా పెచ్చు లేవలేదు. బస్తా బెల్టుల్లోనే ఉంది. కుండ దాని మీద ఉంది. మూతికి కట్టిన బట్ట తడిసింది, అంతే.

నా భార్య బట్ట విప్పింది. కుండ చుట్టూ చేత్తో తడిమి చూసింది, కింద కూడా. సంచిలో నుంచి గ్లాసు తీసి నీళ్లు ముంచుకుని తాగింది. ఇంకో గ్లాసు ముంచి బిడ్డకు ఇచ్చింది. ఇంజనీరు పిల్లకు ఇచ్చింది. నేను మోకాళ్ల మీద కూర్చుని ఆ మడతలను ఒకటొకటిగా ముట్టుకున్నాను. నా చేతులతో చేసిన వస్తువు నా కళ్ల ముందు పాడైపోయి ఉంటే నాకు దండం పెట్టాలనిపించింది. ఇట్లాంటిది నేను ఎన్నడూ అనుకోలేదు.

వడ్లు కొనే రోజులు అయిపోయాక మార్కెట్ యార్డు ఖాళీగా ఉంటుంది. అడిగి అనుమతి తీసుకుని, అంచుల వెంట ఊక బస్తాలు పేర్చి, బండికి కొత్త ముక్కు బిగించి, నా బిడ్డను అందులో కూర్చోబెట్టాం. బెల్టులు నేను కట్టాను. ఇంజనీరు పిల్ల మళ్లీ విప్పి ఆమె పద్ధతిలో కట్టింది.

మొదటి చుట్టు నడిచినట్టే నడిపింది. రెండో చుట్టులో ఇంజను గొంతు మారింది. నేల మీద సుద్దతో గీసిన మనిషి లేచి పోతున్నట్టు అనిపించింది నాకు. నేను చాలాసార్లు కళ్లు మూసుకున్నాను. నా భార్య ఒక్కసారి కూడా రెప్ప వేయలేదు.

మా ముందు బండి ఆపి, హెల్మెట్ అద్దం పైకి ఎత్తింది. నన్ను కాదు, ఇంజనీరు పిల్లను కాదు, వాళ్ల అమ్మను చూసి అడిగింది.

"అవ్వా, ఇంకో సుట్టు ఎయ్యనా?"

నా భార్య కొంగు నడుముకు చెక్కుకుంది.

"ఎయ్యి. గా మూల కాడ మాత్రం జర నిమ్మలంగ తిప్పు."