ఖాళీ అరలోంచి వచ్చిన జవాబు

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. నమ్మేవాళ్ళను ఆటపట్టించడం నాకో సరదా. అయినా ఈ సంగతి చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే ఇది పట్టపగలు, నలుగురి కళ్ళ ముందు జరిగింది.

తొంభైల్లో మద్రాసులో ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ణి. పారలల్ కంప్యూటర్లు తయారుచేసేవాళ్ళం. పెళ్ళివంటకు కూరగాయలు తలా కాసిని తరిగినట్టు, మా పెట్టెలో పదహారు బోర్డులు ఒకే లెక్కను పంచుకుని చేసేవి. అంతలో విదేశాల నుంచి వచ్చిన ఒక్క చిప్పే ఆ పనంతా చేసేయడం మొదలుపెట్టింది. కంపెనీ మూసేస్తున్నామన్నారు.

ఆఖరి యంత్రం ఒకటి మిగిలింది. పరీక్షలో పదహారు బోర్డులూ జవాబిస్తే తమ కాలేజీ పిల్లలకు తీసుకెళ్తానని ఒక ప్రొఫెసరుగారు మాటిచ్చారు. లేకపోతే అది పాత ఇనప సామాన్ల కొట్టుకే. కంటికి రెప్పలా చూసుకున్నది తూకానికి పోతుందంటే మా ప్రాణం ఒప్పలేదు.

సరిగ్గా అప్పుడే ఆయుధపూజ వచ్చింది. పెట్టెకు బొట్టు పెడితే చాలదనుకుందేమో, సోల్డరింగ్ చేసే మా సుగుణక్క మూత తీసి ఒక బోర్డుకు భక్తిగా గంధం పూసింది. బోర్డు మొరాయించింది. దాన్ని తీసి, స్పిరిట్‌తో తుడిచి, కిటికీలో ఎండబెట్టాం.

కంపెనీ ఆఖరి రోజున ప్రొఫెసరుగారు వచ్చిన హడావుడిలో దాన్ని తిరిగి పెట్టడం మరిచిపోయి యంత్రం ఆన్ చేశాం. తెర మీద పదహారు జవాబులూ వచ్చాయి. లెక్కలో తప్పు లేదు. ఈలలు, చప్పట్లు. కేసరి పంచుకున్నాం.

కేసరి తింటూ కిటికీ వైపు చూశాను. బోర్డు అక్కడే ఉంది.

మూత తీస్తే ఆ బోర్డు ఉండాల్సిన అర ఖాళీ. ప్రొఫెసరుగారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాం. ఆయన నమ్మలేదు. కరెంటు తీయించి, మళ్ళీ ఇప్పించి, తానే కొత్త లెక్క ఇచ్చారు. మళ్ళీ పదహారు. ఎండిన బోర్డును పెట్టి చూస్తే మాత్రం పదిహేనే.

సుగుణక్క ఆ అర వైపు చూపించి అంది.

"ఆడ ఎవురో ఉండారు సార్. ఉంటే ఉండనీండి, పని చేస్తా ఉండారు గదా."

ప్రొఫెసరుగారు పడీపడీ నవ్వారు. ఆ అర ఖాళీగానే ఉంచి పంపమన్నారు. మాకు పట్టరాని సంతోషం. ఉద్యోగం పోయిన రోజన్న సంగతే గుర్తులేదు.

తర్వాత తెలిసినవాళ్ళను ఎందరినో అడిగాను. తలా ఒక కారణం చెప్పారు, ఏదీ అతకలేదు. నాకూ అంతుపట్టలేదు.

యంత్రాన్ని ఎక్కించుకున్న వ్యాను మలుపు తిరిగేదాకా ఆ రోజు అందరం చేతులూపాం. ఎవరికని అడిగితే ఇప్పటికీ చెప్పలేను.