పోయే ముందు లోపలికి రావాలె

రాష్ట్రం వచ్చాక మోత్కూరులో మా కళాబృందానికి పని లేకుండా పోయింది. అంతకుముందు వారానికి మూడు సభలు, గొంతు పోయేదాకా పాటలు. ఆ తర్వాత డప్పులు గోడకెక్కాయి, మేం హోటల్ బెంచీ ఎక్కాం. కాలు ఒకచోట నిలవదు. పోదామంటే పోవడానికి జాగా లేదు. సరిగ్గా ఆ రోజుల్లో మా సారు, బడిలో తెలుగు చెప్పే ఆయన, ఒక పరాయి దేశపు పాత నాటకాన్ని మన మాటలోకి తిప్పి తెచ్చాడు. పెళ్లయి పిల్లలున్న ఒకామె, తన బతుకేమిటో తాను తెలుసుకోవాలని, ఆఖరి సీన్లో మొగుణ్ణి వదిలి ఇల్లు దాటి పోతుంది.

"అప్పట్ల గిది చూసి జనం కొట్లాడుకున్నరట" అన్నాడు సారు గర్వంగా. కొట్లాటకు మా ఊళ్లో నాటకం దాకా అక్కర్లేదని చెప్పబోయి ఊరుకున్నాను.

భర్త వేషం నాకిచ్చాడు. "నిన్ను ఇడిసిపెట్టి పోతే ఎవలికీ బాధ గాదురా, అందుకే" అని కారణం కూడా చెప్పాడు. భార్య వేషం అంగన్‌వాడీ టీచరమ్మది. నాకంటే ఆరేళ్లు పెద్ద, ఊహ తెలిసినప్పటి నుంచీ అక్కా అనే పిలుస్తాను. రిహార్సల్లో మోకాళ్ల మీద పడి "నన్ను ఇడిసి పోకు అక్కా" అన్నాను. ఒకసారి కాదు, నాలుగుసార్లు. సారు కాగితాలు నేలకేసి కొట్టాడు. అక్క నవ్వలేదు. ఆమెకు అది ఆట కాదు. మూడు నెలలుగా పప్పు ఉడికేటప్పుడూ, పిల్లలకు గుడ్లు పంచేటప్పుడూ మాటలు వల్లె వేస్తూనే ఉంది.

"పిల్లలు గూడ నేర్చిన్రు తమ్మీ. నిన్న ఒకడు గుడ్డు చేతుల పట్టుకొని, నేనీ ఇంట్ల ఉండ అన్నడు."

అసలు తంటా తలుపుతో వచ్చింది. పరదా కడదామంటే సారు వినలేదు. ఆమె పోయాక తలుపు మూసుకున్న చప్పుడు జనం గుండెల్లో పడాలట. ఫంక్షన్ హాల్ తలుపులు చూస్తే గాజువి. ఆ చప్పుడు గుండెల్లో కాదు, ఓనరు చెవిలో పడుతుంది. వడ్రంగి పెద్దాయన దగ్గర తయారుగా ఉన్నది ఒక్కటే, వేపకర్ర దర్వాజ, గడపతో రెక్కలతో సహా. అది అక్క వాళ్లు కట్టుకుంటున్న కొత్తింటిది. "మాదే గదా, తీస్కపోండ్రి" అంది అక్క. ఇంట్లో అడగలేదు. పెద్దాయన ఒకటే షరతు పెట్టాడు: ఇంకా నిలబెట్టని దర్వాజకు తాను మేకు కొట్టడు, కొట్టనివ్వడు. నాటకం అయ్యేదాకా వెనక నిలబడి తానే పట్టుకుంటాడు.

నాటకం రోజు పొద్దటి నుంచీ వాన. మధ్యాహ్నానికి సంగతి అక్క అత్తమ్మకు చేరింది. మా ఊళ్లో కొత్త దర్వాజ అంటే కర్ర కాదు. మంచిరోజు చూసి, పసుపు పూసి, మామిడాకులు కట్టి నిలబెట్టేదాకా దాన్ని ఎవరూ దాటరు. అలాంటిది ఆమె కోడలు ఆ దర్వాజలోంచే మొగుణ్ణి వదిలి పోతుంది, టికెట్ లేకుండా ఊరంతా చూడబోతుంది.

నేను వాళ్లింటికి పరుగెత్తాను. అక్క భర్త వరండాలో ట్రాక్టరు టైరును చూస్తూ నిలబడ్డాడు, అందులో ఏదో వార్త వస్తున్నట్టు. అక్క గుమ్మంలోనే నిలబడి మెల్లగా చెప్పింది. "అత్తమ్మ పోవద్దంటాంది. తమ్మీ, గిదొక్కటి చెయ్యకపోతే నేనింక జన్మల ఏదీ అడగ." హాలుకు తిరిగొచ్చి స్టేజీ మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను. సారు ఎదురుగా ఆ చివర నుంచి ఈ చివరకు నడిచాడు. మధ్యలో తలుపు పట్టుకుని పెద్దాయన.

నాలుగింటికి ఆటో ఆగింది. ముందు అత్తమ్మ దిగింది, చేతిలో స్టీలు గిన్నె. వెనక అక్క. నేను పెద్దమ్మా అని పిలిచే ఆ అత్తమ్మ నేరుగా స్టేజీ ఎక్కింది.

"ఏం పిలగా, నువ్వేనా మొగనివి?"

"ఇయ్యాల్టి మందం నేనే పెద్దమ్మా."

"ఇంట్ల అడుగువెట్టకముందుకే ఇంట్లకెంచి ఎల్లిపోవుడేంది? ఎవలన్న ఇంటరా? ఎనకటికి ఉన్నదా?"

సారు స్త్రీ స్వేచ్ఛ గురించి మొదలుపెట్టాడు. ఆయన్ని పక్కకు జరిపాను. "పెద్దమ్మా, మొదటి సీన్ల ఆమె లోపలికే వస్తది. పండుగ సామాను కొనుక్కొని బయట నుంచి ఇంట్లకొస్తది. పోవుడు మల్ల రెండు గంటలైనంక."

పెద్దమ్మ ఆలోచించింది. "ముందుగాల లోపలికే వస్తదా?"

"ముందుగాల లోపలికే."

"గట్లయితే కుడికాలు పెట్టి రమ్మను."

గిన్నెలో పసుపు కలిపే తెచ్చింది. వద్దనడానికి వచ్చిందో, ఒప్పుకోవడానికి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. రెండింటికీ పసుపైతే కావాలి కదా. గడపకు పూసింది, కుంకుమ పెట్టింది, మామిడాకులు కట్టించింది. కొబ్బరికాయ మాత్రం పెద్దాయన కాలి దగ్గర కొట్టింది. ఆయన తలుపు వదల్లేక ఎగరలేకపోయాడు. నాటకం మొదలైంది. అక్క రెండు చేతుల్లో సంచులతో కుడికాలు పెట్టి లోపలికి వచ్చింది. ఇంకా ఏమీ జరగకముందే ఆడవాళ్లంతా చప్పట్లు కొట్టారు. సారుకు అర్థం కాలేదు.

చివరి సీను. మోకాళ్ల మీద పడ్డాను. నాలుక మీద అక్కా అనే మాట సిద్ధంగా కూర్చుంది. మింగేశాను, బతికిపోయాను. అక్క నన్ను ఒకసారి చూసింది. గడప తొక్కకుండా, పసుపు చెదరకుండా కాలెత్తి దాటింది. రెక్క లాగింది. పడలేదు. మళ్లీ లాగింది. పొద్దటి వానకు కొత్త వేపకర్ర ఉబ్బి బిగుసుకుంది. వెనక పెద్దాయన దర్వాజకు భుజం ఆనించడం నాకు కనిపిస్తోంది. హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకొక్క క్షణం ఆగితే ఆ నవ్వు అంతా పాకుతుంది. నవ్వు ఎలా పాకుతుందో నాకు తెలిసినంతగా ఆ హాల్లో ఎవరికీ తెలియదు.

ముందు వరుసలోంచి పెద్దమ్మ గొంతు లేచింది. "వానకు ఉబ్బింది బిడ్డా! జర పైకెత్తి గుంజు!"

అక్క పైకెత్తి లాగింది. దభాలున పడింది. సారు మూడు నెలలు కలగన్న చప్పుడు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

నాటకం అర్థం వివరించడానికి సారు ముందుకొచ్చి నిలబడ్డాడు. ఎందుకు పోయిందని ఒక్కరూ అడగలేదు. "సారూ, గామె యాడికి పోయింది?" అన్నారు. సారు ఏదో చెప్పాడు. "గది సరే, గా టైముల బస్సు లేదు గదా?"

వెనక నేను కొబ్బరినూనెతో మీసం ఊడబెరుకుతున్నాను. పెద్దమ్మ వచ్చి కోడల్నీ అదే అడిగింది.

"తెల్వదత్తమ్మా. రాసినాయన రాయలే."

పెద్దమ్మ దర్వాజ మీద చెయ్యి పెట్టి నిమురుతూ నిలబడింది. "నేను ఆలేరు టేషన్ దాకా పోయిన. పెండ్లయిన నాలుగేండ్లకు. రైలు రానీకి జర టైముండె. బర్రె పాలకు ఒర్రుతుంటదని యాదికొచ్చింది. మర్లి వచ్చిన."

"మామయ్యకు ఎరుకేనా?" అంది అక్క.

"గడ్డికి పోయిననుకున్నడు. గడ్డేదన్నడు."

నేను నోరు మూసుకుని ఉండాల్సింది. "ఏం చెప్పినవ్ పెద్దమ్మా?"

"రేపు తెస్తనన్న."

మర్నాడు దర్వాజను ట్రాక్టరు ట్రాలీ మీద వేశారు. పెద్దమ్మ పక్కన కూర్చుని ఇంటిదాకా పట్టుకునే పోయింది.

గృహప్రవేశానికి మమ్మల్నందరినీ పిలిచారు. బంతి భోజనాల మధ్యలో అక్క పప్పు వడ్డిస్తూ సారు ఆకు దగ్గర ఆగింది. "సారూ, ఇంకో నాటకమేమన్న ఉన్నదా?" జన్మలో ఏదీ అడగనన్నది నాటకం చెయ్యకపోతే కదా; చేసింది, అడుగుతోంది.

సారు తల ఎత్తేలోపే పెద్దమ్మ అన్నం గిన్నెతో వచ్చింది. "చేస్తే చెయ్యున్రి. గీసారి వేరేటోళ్ల దర్వాజ సూస్కోండ్రి."