శుభం తరవాత నాలుగు కాగితాలు

మా వీధి చివర అద్దె పుస్తకాల దుకాణం నడిపే పెద్దాయనకు ఒకటే జబ్బు. ప్రేమ నవల పెళ్లితో ముగిస్తే ఆయనకు అన్నం సయించదు. చివర ‘శుభం’ అని ఉంటే దాని కింద పెన్సిల్‌తో ‘తరవాత?’ అని రాస్తాడు. అక్కడితో ఊరుకుంటే నేనిది రాయక్కర్లేదు. అట్ట కుట్టేటప్పుడే చివర నాలుగు తెల్లకాగితాలు కలిపి కుట్టి, ఆ తరవాతేదో తనే రాస్తాడు. అందుకే ఆయన మా అందరికీ తరవాతగారు.

రచయిత ఏ వానలోనో హీరోయిన్ని హీరో చేతుల మీద కొండ ఎక్కిస్తాడు. తరవాతగారి కాగితాల్లో మర్నాడు హీరోకు నడుం పట్టేస్తుంది, ఆమెకు జలుబు చేస్తుంది, కషాయం ఎవరు కాయాలన్న దగ్గర తొలి తగువు మొదలవుతుంది. కళ్లతోనే మాట్లాడుకున్న జంట మూడో నెలకల్లా తడి తువ్వాలు మంచం మీద పడేసిందెవరని నోటితో మాట్లాడుకుంటారు.

నవ్వుకుంటూ చదివేవాళ్లం. ఆ కాగితాల్లో మా ఇళ్లు కనిపించడం మొదలయ్యాక నవ్వు తగ్గింది. టైపిస్టు ఒకావిడ తీసుకెళ్లిన నవల చివర హీరోగారి గోడగడియారం నాలుగూ పదికి ఆగిపోయింది. ఆవిడ తలెత్తి చూస్తే వాళ్లింటి గడియారమూ అక్కడే ఆగి ఉంది. పోస్ట్‌మాన్ చదివినదాంట్లో హీరో అత్తగారు పళ్లసెట్టు దిండు కింద దాచుకుంది. తన అత్తగారికి కట్టుడు పళ్లున్న సంగతి అతనికి అలా తెలిసింది.

ఆ దుకాణం పట్టపగలే చీకటిగా ఉంటుంది. అరల మధ్య ఎక్కడో పెన్సిల్ గీస్తున్న చప్పుడు. దగ్గరికి వెళితే ఆగుతుంది. తలెత్తకుండానే, “ఎడమ చెప్పు తెగినట్టుంది, జాగ్రత్త” అంటుంది ఆయన గొంతు. జనం భయపడి మానేశారా అంటే, లేదు. జంకుతూనే వెళ్లి, ముందు ఆ నాలుగు కాగితాలే తిరగేసేవాళ్లు.

మా చెల్లెలు తరవాతగారి దగ్గర వారానికి మూడు నవలలు తెచ్చుకుని చదివేది. మా బావ మోటార్లు బాగుచేస్తాడు, తను బాగుచేసిన మోటార్ల కన్నా తక్కువ చప్పుడు చేస్తాడు. పెళ్లయి ఏడాదైనా నువ్వంటే ఇష్టమని ఒక్కసారీ అనలేదట. ఇక తనవల్ల కాదనీ, ఆదివారం పెట్టె సర్దుకుని మా ఇంటికి వచ్చేస్తాననీ చెప్పింది. నేను నచ్చజెప్పబోతే వినలేదు.

శనివారం మధ్యాహ్నం ఆఫీసుకు ఫోన్ చేసింది. గొంతు బాగా తగ్గించింది.

“అన్నయ్యా, ఆ పుస్తకాలాయన మా ఇంట్లోకి వచ్చాడు.”

ఆ వారం నవలలో హీరో పరిగెత్తే రైలును ఆపి హీరోయిన్ని దింపుకుంటాడు. శుభం. కింద పెన్సిల్‌తో: ‘రైలు ఆపినవాడు ఇంట్లో మాట్లాడడు. వాళ్ల మూడో మెట్టు అంచు విరిగి ఉండేది. ఆమె బట్టల బకెట్టుతో అది రోజూ దిగుతుంది. ఇప్పుడు విరిగి లేదు. ఆమె ఇంకా చూడలేదు.’

చెల్లెలు లేచి వెళ్లి చూసింది. మూడో మెట్టు అంచున కొత్త సిమెంటు. ఎప్పుడు వేశారో తెలియదు, రోజూ దాని మీదే దిగుతోంది.

“ఇంట్లో ఉండేది మేమిద్దరమే. ఆయన చెప్పలేదు, నేను చూడలేదు. మరి చూసిందెవరు?”

ఆఫీసు పని సగంలో వదిలేసి, గట్టిగా అడుగుదామని దుకాణానికి వెళ్లాను. పెన్సిల్ చప్పుడు ఆగింది.

“చెల్లెలి సంగతేనా?” అన్నాడాయన.

సొరుగు లాగి చూపించాడు. ఒక్కో పాఠకుడికి ఒక్కో కవరు. తిరిగొచ్చిన పుస్తకాల్లో దొరికినవన్నీ అందులో ఉన్నాయి. గడియారాల దుకాణం చీటీ, పళ్ల డాక్టరు చీటీ, సగం రాసి వదిలేసిన ఉత్తరాలు.

“జనం పుస్తకం చదువుతారు బాబూ, గుర్తుకు పెట్టుకున్న కాగితం చదవరు.”

చెల్లెలి కవరులోంచి మడత కాగితం ఒకటి తీసిచ్చాడు. గుర్తుకని చెల్లెలు మా బావ చొక్కా జేబులోంచి చేతికందింది తీసి పేజీల మధ్య పెట్టేసుకుందన్నమాట. రాత బావదే.

‘సిమెంటు ఒక కిలో. మూడో మెట్టు. తను బజారుకు వెళ్లినప్పుడు.
బాత్‌రూమ్ దారిలో బల్బు.
మెత్తటి చెప్పులు. సైజు అడక్కుండా కొలవాలి.’

“తరవాత?” అన్నాను, నాకు తెలియకుండానే.

ఆయన నవ్వగా చూడటం అదే మొదటిసారి. “తరవాతది నేను రాసేది కాదు. అది పట్టుకెళ్లి అమ్మాయికివ్వండి.”

చెల్లెలు ఆదివారం రాలేదు. ఆపై వారం ఫోన్ చేసి, ఈయన ఇంకా ఏమీ మాట్లాడడం లేదని గంటసేపు చెప్పింది. చెబుతున్నంతసేపూ ఒక సైజు పెద్దవైన చెప్పులు ఇల్లంతా టపటపలాడుతూ తిరగడం నాకు వినిపిస్తూనే ఉంది.

ఆ శనివారం సంగతి ఇంకొకటి ఉంది. దెబ్బలాడటానికి వెళ్లి ఉత్త చేతులతో వస్తే బాగుండదని అరలోంచి ఏదో నవల తీసుకున్నాను. చెల్లెలి ఇంటికని బస్‌స్టాప్‌కు చేరేసరికి కుండపోత వాన. ముందురోజు ఇలాగే తడిసి ఇంటికి వెళ్లి, ఈ ఇంట్లో నన్ను పట్టించుకునేవాళ్లే లేరని మా ఆవిడ మీద ఎగిరాను కూడా. నాలుగు పేజీలు చదివి, సంచి జేబులో తగిలిన కాగితం గుర్తుకు పెట్టి, అలవాటుగా చివరికి తిప్పాను.

‘ఇది చదివేవాడు వానకు ఆగి నిలబడ్డాడు. పుస్తకంలో పెట్టిన కాగితం తిప్పి చూడలేదు.’

పెన్సిల్ రాత ఏళ్లనాటిదిలా మసకబారి ఉంది. కాగితం తిప్పాను. మా ఆవిడ రాత. ‘మబ్బు పట్టింది. గొడుగు సంచి అడుగున పెట్టాను.’ తేదీ నిన్నటిది.

సంచిలో పాత పేపర్ల కింద చెయ్యి పెట్టి చూశాను. ఉంది.

నాలుగో పేజీలో పెట్టబోయే కాగితం గురించి ఆయనకెలా తెలిసిందని ఈనాటికీ అడగలేదు. అడిగితే, గొడుగు వేసుకుని ఇంటికెళ్లాక మీ ఆవిడతో ఏమన్నారని ఆయన అడుగుతాడు. ఏమీ అనలేదు. కషాయం మాత్రం నేనే కాచాను.