అవ్వ ఉడకబెట్టిన ప్రాక్టికల్

ఎనభైల్లో డిగ్రీ చదివిన నాలాంటి వాళ్లకు కణం చుట్టూ ఉండే పొర, కణత్వచం అంటే నోట్సులో వేసుకునే ఒక బొమ్మ. రెండు వరుసల్లో కొవ్వు అణువులు, తోకలన్నీ లోపలికి, మధ్యమధ్యలో ఆలుగడ్డల్లా ప్రోటీన్లు. బొమ్మ బాగానే వేసేదాన్ని (అర్థం చేసుకునే పని మా బాటనీ మేడమ్‌కే వదిలేశాను). ఫలితంగా బాటనీ ప్రాక్టికల్ ఒకసారి తప్పాను. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి కాలేజీకి నన్ను రోజూ బస్సులో పంపుతున్న బాపు (మా నాన్న) ఒక్కటే మాటన్నాడు: "ఈసారి గూడ తప్పితే చదువు బంద్. ఇంట్ల కూసోని బీడీలు చుట్టు." నాకు బీడీ ఆకు కత్తిరించడం కూడా సరిగా రాదు, కాబట్టి భయం రెండింతలైంది.

రెండోసారి పరీక్షకు ఎవరి బీట్‌రూట్ వాళ్లే తెచ్చుకోమన్నారు మేడమ్. ముక్కల్ని చల్లనీళ్లలో కొన్ని, మరిగే నీళ్లలో కొన్ని వేయాలి. చల్లనీళ్లు తేటగా ఉండాలి, వేడినీళ్లు ఎర్రబడాలి. ముందురోజే కామారెడ్డి మార్కెట్లో ఒక దుంప కొన్నాను (మా ఇంట్లో అంతవరకు దాన్ని ఎవరూ వండలేదు). పరీక్షరోజు పొద్దున నానమ్మే దాన్ని గుడ్డలో చుట్టి నా సంచిలో పెట్టింది. నానమ్మను మేం అవ్వ అనేవాళ్లం.

ల్యాబ్‌లో బ్లేడు ఆనించగానే దుంప మెత్తగా తెగింది. కొత్త బ్లేడు మహిమ అనుకుని మురిసిపోయాను. కాసేపటికి చూస్తే రెండు గాజు గొట్టాలూ ఒకటే ఎరుపు. పక్కనున్న స్నేహితురాలు గుసగుసగా, "చల్లటి దాంట్ల ఉత్త నీళ్లు పొయ్యవే, ఎవరు చూస్తరు?" అంది. నా చెయ్యి జగ్గు దాకా వెళ్లింది కూడా. ఇంతలో బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ సారు ఎదురుగా నిలబడ్డారు.

"చల్లనీళ్లల్ల గూడ రంగెట్ల దిగిందమ్మా?"

మిగిలిన దుంపను నొక్కి చూశాను. వేలు లోపలికి దిగిపోయింది. అప్పుడు అర్థమైంది. పచ్చి దుంప తింటే పిల్లకు కడుపు నొస్తుందని అవ్వ దాన్ని ఉడకబెట్టింది.

"మా అవ్వ ఉడకబెట్టింది సార్," అన్నాను.

"ఉడికితే ఏమైతది?"

ఎలా వచ్చిందో తెలియదు గాని మాట వచ్చింది. "కొవ్వు పొర వదులైతది సార్. ప్రోటీన్లు గుడ్డు ఉడికినట్టు గట్టిపడి, వాటి రూపం పోతది. ఇగ లోపలి రంగును ఆపేది ఉండదు. మళ్ల చల్లనీళ్లల్ల ఏసినా ఆ పొర తిరిగి రాదు."

సారు నవ్వలేదు. మార్కుల కాగితం మీద ఏదో రాసుకుని పక్క బల్ల దగ్గరికి వెళ్లారు.

పాసయ్యాను. చదువు బంద్ అన్న బాపే పై చదువు ఫారం తెచ్చాడు. అవ్వ మీద మాత్రం నాకు కోపం తీరలేదు. "నువ్వు దుంప ఉడకబెట్టి నా ప్రయోగం ఖరాబ్ చేసినవ్," అన్నాను.

"పాసైతివా లేదా?"

"అయిన."

"మరి ఇంకేంది? పచ్చిది తీస్కపోతే ఫెయిలైతుంటివి," అని అవ్వ తన పనిలో పడింది.

ఆ రోజంతా ఆ మాట తలుచుకుని నవ్వాను. తర్వాత టీచరునై పిల్లలకు ఏళ్లతరబడి అదే పాఠం చెప్పాను. అప్పుడు తెలిసింది, ప్రయోగం కుదిరి ఉంటే బట్టీపట్టిన నాలుగు ముక్కలు రాసిచ్చి అర్థం కాకుండానే బయటికి వచ్చేదాన్ని. అవ్వ అన్నదే నిజం. అది ఆమె ఉన్నప్పుడే ఒప్పుకోవాల్సింది.