ఎర్రదారం కట్టిన జొన్నమొక్కలు

నా చిన్నప్పుడు మా జొన్నచేను పక్కగా ఒంటరిగా నడవాలంటే భయమేసేది. చేనులో ఒక మూల మా మేనమామ పెంచే మడి ఉండేది. అక్కడ ప్రతి కంకికీ తెల్లగుడ్డ సంచి కట్టి ఉండేది. మిట్టమధ్యాహ్నం చూసినా, ముసుగేసుకున్న మనుషులు వరసగా నిలబడి ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టే ఉండేది.

మాది కామవరపుకోట దగ్గర మెట్ట ఊరు. కింద కొల్లేటి వైపు వాళ్లు ఊళ్లు మునిగాయని ఏడుస్తుంటే, మేం వానచుక్క కోసం ఏడ్చేవాళ్లం. మావయ్య ఎక్కడో వ్యవసాయ ఫారంలో కొన్నాళ్లు పనిచేసి వచ్చి, నీళ్లు లేకపోయినా గింజ కట్టే జొన్న తయారుచేస్తానని పట్టుబట్టి కూర్చున్నారు. ఏటా ఎండకి తట్టుకుని నిలిచిన మొక్కల గింజలే దాచి మళ్లీ విత్తేవారు. వేరే మొక్కల పుప్పొడి వచ్చి పడకుండా ఆ సంచులు. "కంకులకి ఘోషా పెట్టాడమ్మా!" అని ఊళ్లో ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకునేవారు. ఆ మడికి ఒకటే కట్టుబాటు. మొక్క చచ్చినా సరే, చుక్క నీరు పోయకూడదు.

ఆ ఏడు వరసగా రెండో కరువు. మబ్బులు వచ్చేవి, మా నెత్తిమీదుగానే ఎటో పోయేవి. నేల నెర్రెలు విచ్చింది. "మీ తమ్ముడి విత్తనమైనా చేతికొస్తే సరి. లేదంటే భూమి అమ్ముకుని కొల్లేటి లంకల్లో కూలికి పోవడమే," అని నాన్న అమ్మతో అంటుంటే విన్నాను.

మధ్యాహ్నం మావయ్యకి అన్నం, కుండతో నీళ్లు తీసుకెళ్లే పని నాది. ఆయన తిని అవతలి గట్టుకి వెళ్లగానే, మిగిలిన నీళ్లు మొక్కల మొదట్లో పోసేదాన్ని. ఆ ఎండకి తడి ఇట్టే ఆరిపోయేది. అవి దాహంతో చచ్చిపోతుంటే చూస్తూ కూర్చుంటారు, ఈయనేం మనిషి అని నా కోపం. లోకంలో దయంతా నాకే ఉన్నట్టు! తర్వాత్తర్వాత కావాలనే పెద్ద కుండ తీసుకెళ్లడం మొదలుపెట్టాను. అలా ఇరవై రోజులు పోశాను.

కోతకి ముందు ఒకరోజు పొద్దున్నే మావయ్య మమ్మల్ని చేలోకి పిలిచారు. మడంతా ఎండి గాలికి గలగలమంటోంది. మధ్యలో ఓ పాతిక మొక్కలు మాత్రం పచ్చగా నిలబడ్డాయి. మావయ్య కళ్లలో నీళ్లు. ఆ పచ్చమొక్కలన్నిటికీ ఎర్రదారాలు కట్టారు, విత్తనానికి ఉంచినవని గుర్తుగా. "వచ్చే ఏడు నా నాలుగెకరాలూ దీంతోనే విత్తేస్తానోయ్!" అన్నారు నాన్న. ఆయన నవ్వగా చూసి అప్పటికి ఏడాది దాటింది. నాకు మాత్రం నా కుండ గుర్తొచ్చింది. నాలుగెకరాలకీ నేను కుండతో నీళ్లు పోయగలనా?

"మావయ్యా, వాటికి నేను నీళ్లు పోశాను," అన్నాను.

మావయ్య నా ముందు గొంతుక్కూర్చున్నారు. తిట్టలేదు, కొట్టలేదు. కొట్టినా బాగుండేది.

"ఏ మొక్కలకి పోశావమ్మలూ? సరిగ్గా గుర్తుతెచ్చుకుని చెప్పు."

మూడు మొక్కలకే అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాటంటే మిగతావాటి దారాలు ఉంటాయి, నాన్న మొహంలో నవ్వూ ఉంటుంది. కానీ నేను రోజూ ఒకేచోట పోయలేదు. ఏది వాలిపోయినట్టు కనిపిస్తే దానికి పోశాను. ఆ నీరు ఎంతదాకా ఇంకిందో ఎవరికి తెలుసు?

"తెలీదు మావయ్యా," అన్నాను.

ఆయన లేచి, దారం కట్టిన మొదటి మొక్కని పట్టుకుని లాగారు. తర్వాత దాని పక్కది. నాన్న కేకేశారు. "మతిపోయిందేంటయ్యా! చిన్నపిల్ల మాట పట్టుకుని పచ్చవి పీకేసి ఎండినవి ఉంచుతావా?"

"తనకి తెలీదందండీ బావగారూ. తెలీని విత్తనం మీ చేలో ఎలా వెయ్యమంటారండీ?" అన్నారు మావయ్య, చేతులు ఆపకుండానే. అరచేతులు కోసుకుపోయి రక్తం వస్తోంది. పచ్చవన్నీ అయిపోయాక ఎండిన మొక్కల దగ్గరికి వెళ్లి ఒక్కో సంచీ విప్పి చూశారు. రెండు కంకుల్లోనే గింజ గట్టిపడి ఉంది. ఆ రెంటికీ నాచేతే దారం కట్టించారు.

రెండు కంకులతో నాలుగెకరాలు ఎక్కడ విత్తుతారు? ఆ వేసవిలోనే నాన్న భూమి అమ్మేశారు. కూలిపనికి కొల్లేటి ఒడ్డున కైకలూరు పక్కకి వెళ్లిపోయాం. నాన్న నాతో చాలారోజులు మాట్లాడలేదు. కొన్నేళ్లకి ఆ రెండు కంకుల విత్తనమే నిలబడి ఊరంతా పండిన ఏడు, మెట్టలో మాకు గజం నేల కూడా లేదు.

పెద్దయ్యాక నేను నర్సునయ్యాను. ఒకసారి డ్యూటీ మారే వేళ, ఒక రోగికి సూదిమందు ఇచ్చావా అని పెద్దనర్సు అడిగారు. ఇచ్చానో లేదో నాకే గుర్తురాలేదు. ఇచ్చానంటే సరిపోయేది, ఆరా తీసే నాథుడు లేడు. "తెలీదండీ" అన్నాను. అందరి ముందూ చీవాట్లు తిన్నాను. ఇప్పటికీ తెలియనిదాన్ని తెలియదనే అంటాను. అన్న ప్రతిసారీ ఆ పచ్చమొక్కల వేళ్లు పటపటా తెగిన చప్పుడు వినిపిస్తుంది, నాన్న మొహం కనిపిస్తుంది. అయినా అంటాను.