మా అన్న గెలుస్తాడా, మా ఆయన గెలుస్తాడా

పెళ్లయిన దగ్గర్నుంచి ఊళ్లో నన్ను అందరూ అడిగిన ప్రశ్న ఒకటే. "మీ అన్నా, మీ ఆయనా రింగులోకి దిగితే ఎవురు గెలుస్తారమ్మా?" చర్చి మెట్ల మీద అడిగారు. రేషన్ అంగడి వరసలో అడిగారు. నా మొదటి కాన్పుకు ఆస్పత్రి వరండాలో మా ఆయనకు తోడుగా కూర్చున్న మనిషి, నన్ను బయటికి తీసుకురాగానే, పుట్టింది ఆడో మగో కూడా తెలుసుకోకుండా ఇదే అడిగాడు. మొదట్లో నవ్వేదాన్ని. తర్వాత తర్వాత మొహం తిప్పుకునేదాన్ని. ఇప్పుడు ఎవరైనా ఆ మాట ఎత్తితే ఒళ్లు మండుతుంది.

కోలారు బంగారు గని నడిచే రోజుల్లో మా అన్న కేజీఎఫ్‌లో హెవీవెయిట్ బాక్సింగ్ ఛాంపియన్. మా ఆయన ఆ తర్వాత వచ్చిన ఛాంపియన్. ఇద్దరూ ఒకరితో ఒకరు ఎన్నడూ ఆడలేదు. మా ఆయన తిని, కండ పెంచి హెవీవెయిట్‌కు చేరుకునేసరికి మా అన్న కంటికి దెబ్బ తగిలి ఆట మానేశాడు. ఆ మరుసటి ఏడాది మా పెళ్లి. రింగులో జరగని ఆటను ఊరు తీసుకొచ్చి మా ఇంట్లో పెట్టింది. పండగకు ఇద్దరూ ఒక చాప మీద కూర్చుంటే చాలు, చుట్టూ చేరి కొలతలు మొదలుపెట్టేవాళ్లు. ఎవరి చెయ్యి పొడుగు, ఎవరి మెడ లావు అని. నేను వడ్డిస్తూ ఉండేదాన్ని. ఎడ్ల సంతలో నిలబడినట్టుండేది.

గని మూతబడ్డాక మా అన్న బేతమంగళలో వదిన పుట్టింటి పక్కనే ఇల్లు వేసుకుని ఆవులు పెట్టుకున్నాడు. కొన్నేళ్లుగా చేతులు వణుకుతున్నాయి. చొక్కా గుండీలు వదినే పెడుతుంది. మాట మధ్యలో ఆగిపోయి, ఏం చెప్పబోయాడో తెలియక మన మొహం చూస్తాడు. కోలారులో తలకు స్కానింగు తీయించాం. "వయసులో తిన్న దెబ్బలమ్మా ఇవన్నీ. తగ్గేది కాదు. తలకు ఇంకో దెబ్బ మాత్రం తగలనీయకండి" అన్నాడు డాక్టరు. ఆ రోజు మా ఆయన కూడా ఆ గదిలోనే ఉన్నాడు. ఇది గుర్తుపెట్టుకోండి.

మా ఆయనకు చేతులు బాగానే ఉన్నాయి. పాడయింది ఊపిరి. ఇన్నేళ్లు భూమి లోపల పీల్చిన దుమ్ము లోపలే ఉండిపోయింది. పాలప్యాకెట్టుకు పోయి మా గని కూలీల లైను ఇళ్ల దగ్గరి ఎత్తు ఎక్కాలంటే సగం దారిలో గోడ పట్టుకుని నిలబడతాడు.

ఈ ఇద్దరికీ పోటీ పెట్టింది మా మరిది, అంటే మా ఆయన తమ్ముడు. ఆయనకు బెంగళూరులో ఉద్యోగం. పొద్దున్నే రైలెక్కి పోయి చీకటి పడ్డాక దిగుతాడు. ఆ పెట్టెలో రోజూ కూర్చునేవాళ్లంతా ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. ఊసుపోక మా మరిది అందులో మా ఆయనదీ మా అన్నదీ పాత ఫోటోలు పక్కపక్కన పెట్టి, మంచి వయసులో ఇద్దరూ ఢీకొని ఉంటే గెలుపు ఎవరిదని ఓట్లు అడిగాడు.

ఇంక చూడండి. మా అన్న ఎడమచెయ్యి పొడుగు, దగ్గరికి రానివ్వడని కొందరు. మా ఆయన దెబ్బ బరువు, ఒక్కటి తగిలితే చాలని కొందరు. ఇద్దరితోనూ ఆడిన ఒక మిలిటరీ బాక్సరును సాక్ష్యానికి లాక్కొచ్చారు. అతని చేతిలో మా అన్న పాయింట్ల మీద ఓడాడు, మా ఆయన అతన్ని పడగొట్టాడు, కాబట్టి మా ఆయనే గొప్ప అన్నాడొకడు. మా ఆయనతో ఆడేనాటికి ఆ మిలిటరీ మనిషి ముసలోడు, అదేం గెలుపు అన్నాడు ఇంకొకడు. అసలు మా ఆయన కాలంలో కేజీఎఫ్‌లో హెవీవెయిట్లే మిగల్లేదు, ఖాళీ కుర్చీలో కూర్చుని ఛాంపియన్ అయ్యాడు అని మరొకడు రాసి, పక్కన నవ్వే బొమ్మలు పెట్టాడు. వీళ్లలో చాలామంది ఆ ఆటలు జరిగేనాటికి పుట్టనివాళ్లు.

మా ఆయన అదంతా చదివాడు. రోజూ చదివాడు. ఇడ్లీ చల్లారిపోతుంటే ఫోను పట్టుకుని కూర్చునేవాడు.

"నా కాలంలో ఆళ్లు లేకపోతే నేనేం జేసేది? ఎదురొచ్చినోళ్లందరినీ కొట్టినాను గదా" అన్నాడు ఒకనాడు, నేనేమీ అడక్కుండానే.

"ఎవురడిగినారు నిన్ను?"

"ఊరంతా అడుగుతా ఉండాది. ఓట్లలో మీ అన్నే ముందుండాడు."

"ఆయప్పకు చొక్కా గుండీలు గూడా వదినే పెట్టల్ల ఇప్పుడు. ఆయనతోనా నీకు పోటీ?"

"ఇప్పుడు గాదే. అప్పుడు."

'అప్పుడు' అన్న మనిషి మర్నాడు పెరట్లో తాడు పట్టుకుని గెంతడం మొదలుపెట్టాడు. నాలుగు గెంతులకే దగ్గు తెర వచ్చి తొట్టి పక్కన కూలబడ్డాడు. తాడు లాక్కుని పొయ్యిలో పడేశాను. నేను అక్కడితో అయిపోయిందనుకున్నాను.

వేసవిలో మా అన్న మనవరాలికి నిశ్చితార్థం చేశారు. బేతమంగళ ఇంటి ముందు షామియానా వేశారు. రాగిముద్దలు, మటన్ పులుసు. మగవాళ్ల పంక్తి అయిపోయి, మేం ఆడవాళ్లం లోపల తింటున్నాం. బయట ఎవరో స్టీలు పళ్లెం మీద గరిటెతో కొట్టిన చప్పుడు, కేకలు వినిపించాయి.

"ఏం జరుగుతా ఉండాది?" అన్నాను.

"ఏం లేదు పాపా, ఫోటోకంట. సుమ్నే, ఊరికే నిలబడతారంట" అంది వదిన.

ఎంగిలి చేత్తోనే బయటికి వచ్చాను. షామియానా కింద కుర్చీలు పక్కకు జరిపి గుండ్రంగా జాగా చేశారు. మా మరిది ఎక్కడో అడిగి తెచ్చిన పాత గ్లవ్స్ మా అన్న చేతులకు తొడిగి తాళ్లు కడుతున్నాడు. మా ఆయనకు అప్పటికే కట్టేశారు. చుట్టూ అందరి చేతుల్లో ఫోన్లు. మా అన్న నవ్వుతున్నాడు. గ్లవ్స్‌లో చేతులు దాగాయి కాబట్టి వణుకు కనపడటం లేదు. భుజాలు నిటారుగా, గడ్డం కిందికి దించి నిలబడ్డాడు. అందరికీ అదే కనపడింది.

"మరిదీ, వద్దు. తీసెయ్."

"ఒక్క నిమిషం వదినా. ఫోటో తీసుకుని ఇప్పేస్తాం."

"డాక్టరేం చెప్పినాడో నీకు తెలీదా?"

"ఎవురూ కొట్టుకోరులే వదినా, నువ్వు ఊరికే..."

అప్పుడే వెనక ఎవడో మళ్లీ పళ్లెం మోగించాడు. ఆ గంట విన్న మా అన్నకు ఏ కాలం గుర్తొచ్చిందో, ఎడమచెయ్యి చప్పున ముందుకు పోయింది. మా ఆయన నోటి మీద తగిలింది. కట్టుడుపళ్ల సెట్టు జారి నేల మీద పడింది.

అందరూ నవ్వారు. చిన్నగా కాదు, పడీపడీ నవ్వారు. "ఓట్లు కరెక్టేరా!" అని ఒకడు అరిచాడు.

మా ఆయన పళ్ల వైపు చూశాడు, నవ్వేవాళ్ల వైపు చూశాడు. తర్వాత కొట్టాడు. ఆటకు కొట్టిన దెబ్బ కాదది. కాళ్లు దిటవుగా పెట్టుకుని, నడుము తిప్పి, మా అన్న చెవి పైన కొట్టాడు. ఆ చప్పుడు నాకిప్పటికీ వినపడుతుంది.

మా అన్న పడలేదు. మెల్లగా మోకాళ్లు వంగి నేల మీద కూర్చుండిపోయాడు. నా వైపు చూసి, "పాపా, గంట గొట్టినారా?" అన్నాడు.

నవ్వులు ఆగాయి. ఫోను కిందికి దించకుండానే ఒకడు అడిగాడు: "ఇంగో రౌండు ఉండాదా?"

నేను అన్న దగ్గర కూర్చుని గ్లవ్స్ తాళ్లు విప్పబోయాను. ముడి రాలేదు. పంటితో లాగాను. వదిన వచ్చి ఆయన తల పట్టుకుంది. విప్పిన గ్లవ్ తీసి మా మరిది రొమ్ముకేసి కొట్టాను.

"ఎవురు గెలిచినారో సూసినారా? కడుపు నిండిందా మీకు?" అన్నాను. "ఈయప్పకు చొక్కా తొడిగేదానికి మీలో ఎవురన్నా వచ్చినారా ఒక్కనాడు? ఆయప్ప దగ్గులు దగ్గి రక్తం ఊస్తే ఓట్లేసినోళ్లలో ఎవురన్నా ఆస్పత్రికి తోడొచ్చినారా? గని మూస్తే నోరెత్తినోడు లేడు, ఈళ్లిద్దరినీ ఎగదోసేదానికి ఊరంతా వచ్చినారు. పోండి. తిన్నారు గదా, పోండి!"

"వదినా, అభిమానంతోనే జేసినాం" అన్నాడు మా మరిది.

"అభిమానమా? కోళ్లకు కత్తులు కట్టేవాడు గూడా మేత బాగానే ఏస్తాడు."

మా ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు, గ్లవ్స్‌తో, పళ్లు లేని నోటితో. నేను ఆయన గ్లవ్స్ విప్పలేదు. ఎవరు విప్పారో నాకు తెలియదు.

అన్నను కారులో కోలారుకు తీసుకుపోయాం. లోపల రక్తం చేరలేదన్నారు. కానీ ఆ రోజు తర్వాత చెమ్చా నోటిదాకా తీసుకుపోలేకపోతున్నాడు. అంతకు ముందు దాకా పేరు పెట్టి పిలిచిన మనవరాలిని ఎవరమ్మా నువ్వు అంటున్నాడు. అది ఆ దెబ్బ వల్లనా, జబ్బు ముదిరిందా అంటే డాక్టరు తేల్చి చెప్పలేదు. చెప్పలేకపోవడం మా ఆయనకు కాస్త ఊరటగా ఉన్నట్టుంది. నాకు లేదు.

వీడియో మాత్రం బంగారుపేట నుంచి ముళబాగిలు దాకా తిరిగింది. మా మరిది తీసేశానన్నాడు, కానీ అప్పటికే అందరి ఫోన్లలోకీ పోయింది. మా అన్న గంటకు ముందే కొట్టాడా, తర్వాత కొట్టాడా అని కింద వాదించుకున్నారు. కూర్చుండిపోవడాన్ని నాకౌట్‌గా లెక్కెయ్యాలా వద్దా అని వాదించుకున్నారు. ఆ ఇద్దరూ మనుషులని ఒక్కడూ రాయలేదు. మా మరిది ఇప్పటికీ మా గడప తొక్కలేదు. నేను తొక్కనివ్వలేదు.

మా ఆయన ఫోన్లోంచి ఆ గ్రూపు తీసేశాడు. ఆదివారం చర్చి అయిపోగానే బస్సెక్కి బేతమంగళ పోయి అన్నకు గడ్డం గీసి, స్నానం చేయించి వస్తాడు. ఆ మధ్య ఒకసారి నేనూ వెంట పోయాను. అరుగు మీద కుర్చీ వేసి, మెడ చుట్టూ తువ్వాలు కప్పి, నురగ రాస్తున్నాడు. మా అన్న కళ్లు మూసుకుని హాయిగా కూర్చున్నాడు.

"బావా, నేను నిన్ను కొట్టినాను. మన్నించు" అన్నాడు మా ఆయన, నేను వింటుండగానే.

"నన్నా? యాడ?" అని మా అన్న నవ్వాడు. "నువ్వు నన్ను కొట్టేదానికి ఇంగా సానా తినల్ల బావా."

మా ఆయన కళ్లు తుడుచుకుని నా వైపు చూశాడు. ఆ చూపు అర్థమైంది. ఆయనే మరిచిపోయాడు, ఇంక నువ్వూ వదిలెయ్యి అని. నాకు ఇంకా మండింది. మరిచిపోయిన మనిషి మన్నించినట్టు ఎలా అవుతుంది? ఆ మరుపులో ఆ దెబ్బకు ఎంత వాటా ఉందో ఎవరికి తెలుసు?

తిరిగి వచ్చే బస్సులో మా ఆయన నా పక్కన కూర్చున్నాడు. బస్సు చెరువు కట్ట దాటింది.

"ఇంగా కోపమేనా?" అన్నాడు.

"ఉండాది."

"ఎన్నాళ్లుంటాది?"

"నాకేం తెలుసు" అన్నాను. దగ్గు తెర వచ్చింది ఆయనకు. నీళ్ల సీసా మూత తీసి చేతికిచ్చి, మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను.